ఖాళీ గదిలో ఈల

"ఒరేయ్, ఈ రికార్డింగులో ఎవరో ఉన్నార్రా!" ఎడిటింగ్ చేస్తున్న అక్క హెడ్‌ఫోన్స్ లాగేసింది.

"ఎవరుంటారు? షూటింగ్ అయ్యాక అందర్నీ బయటికి పంపేసి, ఖాళీ గది నిశ్శబ్దం రికార్డు చేశాను. మాటల మధ్య అతకడానికి ఎప్పుడూ చేసేదేగా," అన్నాడు సౌండు చూసే తమ్ముడు.

"మరి ఈ ఊపిరెవరిది? సన్నగా ఈల వేస్తున్నట్టుంది. ఒళ్లు జలదరిస్తోంది."

"దెయ్యమేమో! దానికీ సినిమా పిచ్చి పట్టినట్టుంది," అని నవ్వబోయి దగ్గాడు.

అక్క నవ్వలేదు. "అందర్నీ పంపేశావు సరే, మైకు పట్టుకున్నదెవరు?"

"నేనే."

లేచి వెళ్లి వాడి వీపుకి చెవి ఆనించింది. అదే ఈల.

"కాస్త ఆయాసం, అంతేనక్కా. ఆ ముక్క తీసేయ్."

"తీసెయ్యను," అంది. "చెప్పులేసుకో. డాక్టరుకి వినిపించాలి."