ఏరేటర్లు ఆపిన రాత్రి

మండవల్లి దగ్గర పోలయ్య చేపల చెరువు గట్టు మీద పద్మప్రియ ఒక్కతే కూర్చుంది. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ ఎంత పడిపోతుందన్నదే ఆమె ఎం.టెక్ థీసిస్.

"నీళ్లకు గాలి ఎక్కించే ఏరేటర్లు ఒక్క గంట ఆపనివ్వండి. చేపలకేం కాదండీ" అని సాయంత్రం ఆమే పోలయ్యను ఒప్పించింది.

"చదువుకున్నోరు, మీరు చెప్పాక ఇంకేముందండీ" అంటూ ఆయన షెడ్డులోకి వెళ్లి పడుకున్నాడు.

గంట ఎప్పుడో దాటింది. ఆక్సిజన్ మీటరులో అంకె పడిపోతున్నకొద్దీ గ్రాఫు బాగా వస్తోందని సంతోషపడుతూ ఆమె ఏరేటర్లు వేయడానికి లేవలేదు.

అప్పుడు నీళ్ల మీద చప్పుడు మొదలైంది. చప్, చప్.

టార్చి వేసింది. చెరువంతా చేపల నోళ్లే. గాలి కోసం తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఇందాకటి తన సంతోషం గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. పరుగెత్తి స్విచ్చి వేసింది.

ఏరేటర్లు తిరిగాయి. కానీ నోళ్లు ఒక్కొక్కటే ఆగిపోయి, తెల్లటి పొట్టలు తేలాయి. ఆఖరి నోరూ ఆగిపోయింది.

చప్పుడు మాత్రం ఆగలేదు. ఇంకా దగ్గరగా వినిపిస్తోంది.

"ఏవండీ అమ్మాయిగారూ, చేపలు బాగానే ఉన్నాయాండీ?" షెడ్డులోంచి పోలయ్య అడిగాడు.

జవాబు చెప్పాలని పద్మప్రియ నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. మాటకు బదులు ఆ చప్పుడే వచ్చింది.

చప్, చప్.