మేస్త్రి గారు ఒప్పుకోరు

"ఇవి మా మేస్త్రి గారు ఒప్పుకోరండీ" అంటూ నతానియేలు స్క్రూల డబ్బాను కౌంటరు మీద వెనక్కి నెట్టాడు.

నూజివీడు బస్టాండు దగ్గర హార్డ్‌వేర్ షాపు నడిపే కృష్ణకాంత్‌కి విసుగొచ్చింది. పొద్దుట తలుపు తీసిందగ్గర్నుంచీ ఈ మనిషి డబ్బా మీద డబ్బా తెరిపిస్తూనే ఉన్నాడు.

"దీనికేం రోగమయ్యా? పైన రేకునీ, కింద దాన్ని మోసే ఇనప పర్లిన్‌నీ తనే తొలుచుకుంటూ దిగుతుంది. సెల్ఫ్ డ్రిల్లింగ్ అంటే అదేగా?"

"దిగుతుందండీ. కాకపోతే మేం వేసిన పర్లిన్ మందం ఎక్కువ. ఈ మొన పొట్టిది. మొన ఇనుములోంచి అవతలికి రాకముందే స్క్రూ మరలు ఇనుముని పట్టేసుకుంటే అది అక్కడే పుటుక్కున విరుగుద్ది. పొడుగు మొనది కావాలి. రబ్బరు కూడా చూడండి."

నతానియేలు వాషరు కిందున్న నల్లటి రబ్బరును గోటితో వంచాడు. సన్నటి పగులు తేలింది.

"మన ఎండలకి ఇది పెళుసెక్కి రాలిపోద్దండీ. ఆ సందులోంచే నీళ్ళు కారతాయి."

"రేకుల పనిలో తల పండినవాడివి. నువ్వు చాలవన్నట్టు ఇప్పుడు నీకో మేస్త్రా? ఎవరయ్యా ఆయన, విజయవాడ నుంచి దింపారా?"

"లేదండీ, మా రెడ్డిగూడెమే. నా దగ్గరే పని నేర్చుకున్నారు."

"నీ దగ్గర నేర్చుకున్నవాడికి నువ్వు స్క్రూలు మోసుకెళ్తున్నావా?"

నతానియేలు నవ్వాడు. మోకాళ్ళు అరిగి, ఇక నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు చెప్పిన రోజున అతనికి లోకమంతా చీకటైపోయింది. ఇప్పుడు ఆ దిగులు ఏ మూలా లేదు.

"అలా మోసే యోగం ఎంతమందికి ఉంటదండీ?" అన్నాడు.

కృష్ణకాంత్ లోపలి గదిలోంచి మరో డబ్బా తెచ్చి పెట్టాడు. మొన పొడుగ్గా ఉంది. రబ్బరు వంచితే వంగింది, వదిలితే మళ్ళీ మామూలైంది. నతానియేలు డబ్బాను పసిబిడ్డలా చంకనేసుకుని ఆటో ఎక్కాడు.

*

తోటలో బసవపున్నారావు ఎదురుచూస్తున్నాడు. మామిడికాయ ఏరి పెట్టెలకెత్తే షెడ్డు అతనిది. పోయినేడు గాలికి రేకులు లేచిపోయి, కోసిన బంగినపల్లి అంతా తడిసి మచ్చలు పడింది. అందుకే ఈసారి నమ్మకమైన చెయ్యి అని నతానియేలుకి పని అప్పగించి, కాయ బేరాల మీద హైదరాబాదు వెళ్ళాడు. ఇవాళే తిరిగొచ్చాడు.

"నిన్ను చూసి పనిస్తే, పైకి ఇంకెవరినో ఎక్కించావంట?"

"నాకన్నా మంచి చెయ్యండీ."

"పేరేంటి?"

"పని చూశాక పేరడగండి. తేడా వస్తే మాత్రం నన్నడగండి."

బసవపున్నారావు తలెత్తి చూశాడు. నిండు చేతుల చొక్కా, హెల్మెట్టు, ఎండకి మొహం చుట్టూ తువ్వాలు, నడుముకి తాడు. అంతకన్నా ఏమీ తెలియలేదు.

"మనిషి సన్నంగా ఉన్నాడే. గాలొస్తే రేకుల కన్నా ముందు ఇతనే ఎగిరిపోయేలా ఉన్నాడు" అన్నాడు.

నతానియేలు డబ్బాను తాడుకి కట్టాడు. మేస్త్రి గారు పైకి లాక్కుని, ఓ స్క్రూ తీసి మొన చూసి, రబ్బరు వంచి చూసి, మిషనుకి తగిలించారు. డ్రిల్లు గుయ్యిమంది. ఇనుము దాటగానే ఆ మోత మారింది. రబ్బరు సరిగ్గా రేకుకి ఆనుకునే వేళకి ఆగిపోయింది. ఇంకాస్త బిగిస్తే రబ్బరు నలిగిపోతుంది, కాస్త వదిలితే నీరు దూరుతుంది. అంత ఒడుపు తన చేతికి ఏనాడూ పట్టుబడలేదని నతానియేలుకి తెలుసు.

పైనుంచి చెయ్యి లేచింది. స్క్రూలు నచ్చాయన్నమాట. నతానియేలు ఛాతీ పొంగింది.

మధ్యాహ్నానికి పడమట మబ్బు కమ్మింది. ఆఖరి వరస బిగించి, రేకుల మీద పడ్డ ఇనప రజను ఊడ్చి, మేస్త్రి గారు వెనక నిచ్చెన మీదుగా దిగుతుండగానే ఈదురుగాలి లేచింది. కొమ్మలు విరిగాయి. కాయలు టపటపా రాలాయి. కూలీలంతా షెడ్డులోకి పరిగెత్తారు. వాన రేకులని డప్పులా వాయించింది. బసవపున్నారావు కళ్ళు మూసుకున్నాడు.

నతానియేలు మాత్రం మూసుకోలేదు.

వాన వెలిశాక బసవపున్నారావు తల పైకెత్తుకుని షెడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. రేకు కదల్లేదు. నేల మీద చుక్క లేదు. కాయల కోసం పరిచిన ఎండుగడ్డి ఎండుగడ్డిలాగే ఉంది.

"నతానియేలూ, తప్పుగా మాట్లాడాను" అన్నాడు గొంతు తగ్గించి. "మా ఇంటి డాబా మీద రేకులు కూడా ఆ చేతులే వెయ్యాలి. పిలువు మీ మేస్త్రి గార్ని. పేరు చెప్పి మరీ పరిచయం చెయ్యి."

"మేస్త్రి గారూ!" నతానియేలు తోటంతా వినబడేట్టు పిలిచాడు.

షెడ్డు చివర ఒక్కో స్క్రూనీ కిందినుంచి పరీక్షగా చూస్తున్న మనిషి వెనక్కి తిరిగారు. వచ్చి, బసవపున్నారావుకి నమస్కారం పెట్టి, హెల్మెట్టు తీసి, మొహానికున్న తువ్వాలు విప్పారు. అతను నోరు తెరుచుకుని చూస్తుండగానే నతానియేలు వైపు తిరిగారు.

"నాన్నా, అన్నం తిన్నావా?" అంది మేస్త్రి.