సమాన అర్హత

దరఖాస్తు మీద పేరు చూడగానే ప్రొఫెసర్ నాలిషెబో చేతిలో టీ కప్పు ఆగిపోయింది.

టెండై గ్వెంజి. హరారే.

"కటోంగో! ఆ తలుపు వేసి ఇలా రా," అంది.

కటోంగో తలుపు వేసి వచ్చాడు. నెరిసిన తల, అరిగిన బూట్లు. పొద్దున్నే ఆమె కంటే ముందొచ్చి గది తెరిచేది అతనే. కారు దిగగానే బ్యాగు అందుకునేదీ అతనే. శనివారం మార్కెట్‌కి వెళ్ళి ఆమెకి ఎండు కపెంటా చేపలు ఏరి తెచ్చేదీ అతనే.

"వీడే," అంది నాలిషెబో. "నేను చెబుతుంటానే, వీడే వాడు!"

కటోంగోకి ఆ కథ కంఠతా వచ్చు. లుసాకాలో డిగ్రీ ఫస్టున పాసై, పై చదువు కోసం ఆమె పక్క దేశంలోని హరారే వెళ్ళింది. పరాయి దేశాల డిగ్రీలు చెల్లుతాయో లేదో చూసే సీట్లో అప్పట్లో కుర్ర గ్వెంజి ఉండేవాడు. ఆమె పట్టాని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"మీ జాంబియాలో డిగ్రీకి ముందు ఎ-లెవెల్ పరీక్షే లేదుగా అమ్మాయ్! స్కూల్లోంచి తిన్నగా డిగ్రీలోకి దూకేస్తారు. ఇది చెల్లదు. వెళ్ళి ఏదైనా స్కూల్లో చేరి ఎ-లెవెల్ రాసుకురా," అంటూ పకపకా నవ్వాడు. ఆమె వెనక వరసలో నిలబడ్డవాళ్ళూ నవ్వారు.

డిగ్రీ చేతిలో ఉన్న మనిషి రెండేళ్ళపాటు ఆకుపచ్చ యూనిఫాం తొడుక్కుని చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చుంది. వాళ్ళు ఆమెని 'అంబుయా' అని పిలిచేవాళ్ళు. అమ్మమ్మా అని! తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ఒళ్ళు మండిపోతుంది.

ఇప్పుడా గ్వెంజి ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాడు. డాక్టరేట్ లేకపోతే ఉద్యోగం ఉండదని వాళ్ళు తేల్చి చెప్పారు. ఆ వయసులో సొంత ఊళ్ళో ఎవరూ సీటివ్వలేదు. మిగిలింది లుసాకా. అతని డిగ్రీ లుసాకాలో చెల్లుతుందో లేదో తేల్చే కమిటీకి పెద్ద నాలిషెబో.

"దేవుడున్నాడు కటోంగో!"

"ఉన్నాడు మేడమ్. కొట్టేయండి."

"ఏమిటి కొట్టేసేది?"

"ఆ దరఖాస్తు. చెల్లదని రాసి వాడి మొహాన కొట్టండి. వాడికి ఇటు బస్సెక్కే పనే ఉండదు."

"కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయే. ఏమని వంక పెట్టను?"

"వంకలకేం కరువు మేడమ్? నేను వెతికి పెడతాగా!"

నాలిషెబో నవ్వేసింది. "వాడు ఏడిపించింది నన్నయితే నీకెందుకయ్యా ఇంత పట్టుదల?"

"పోనీండి మేడమ్, వాడి ఉద్యోగం పోతే పోనీండి. మొక్కజొన్న పండించుకు బతుకుతాడు. కొట్టేయండి."

వారం తిరక్కుండా గ్వెంజి ఇంటర్వ్యూకి వచ్చాడు. బట్టతల, వదులైన కోటు. కుర్చీలో ఉన్నదెవరో చూసి గుమ్మంలోనే పాలిపోయాడు.

"గుర్తుపట్టారన్నమాట. కూర్చోండి," అంది నాలిషెబో.

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. "ప్రొఫెసర్... అప్పటి రూల్సు అలా ఉండేవి."

"అవునవును, రూల్సు. మరి ఆ నవ్వో? అదీ రూల్సులో ఉందా?"

ఆమె కావాలనే తీరిగ్గా అతని కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. అతను చెమటలు కక్కుతుంటే ఆమె ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

చివరికి అతనే బయటపడ్డాడు. "తప్పు చేశాను. పొగరుతో చేశాను. నా జీతం మీద ఇంటిల్లిపాదీ బతుకుతున్నారు ప్రొఫెసర్. మీరు కాదంటే నాకింకో దారి లేదు."

తలుపు దగ్గర నిలబడ్డ కటోంగో ఉండబట్టలేక తమ భాషలో అందుకున్నాడు. "మేడమ్, మీకు దణ్ణం పెడతాను, కొట్టేయండి. ఇప్పుడే పంపించేయండి!"

గ్వెంజికి ఆ భాష రాదు. కానీ తన గురించేనని అర్థమై బిక్కచచ్చిపోయాడు.

నాలిషెబో కలం తీసింది. 'సమాన అర్హత ఉంది. డాక్టరేట్‌లో చేర్చుకోవచ్చు' అని రాసి సంతకం పెట్టి, ముద్ర గుద్దింది.

గ్వెంజి ఆ కాగితం చదివాడు. నమ్మలేక మళ్ళీ చదివాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరచేతులు చాచి కలిపి మెల్లగా చప్పట్లు చరిచాడు. పెద్దవాళ్ళ ముందు చూపించే వాళ్ళ దేశపు మర్యాద అది.

"మీది ఎంత పెద్ద మనసు! నేనే మీ స్థానంలో ఉంటే..."

"ఉన్నారుగా ఒకప్పుడు," అంది ఆమె.

కటోంగో "అయ్యో" అని గొణిగి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఇంకో మాట. మీకు వేరే గైడ్ ఎందుకు? నా దగ్గరే చేరండి. నేనే చూసుకుంటాను," అంది నాలిషెబో చల్లగా.

గ్వెంజికి ఆనందంతో ఊపిరాడలేదు. "మీ కిందనా! అంతకంటే అదృష్టమా? చూస్తూండండి ప్రొఫెసర్, రాత్రింబవళ్ళు కష్టపడి మూడేళ్ళలో ముగించేస్తాను!"

"తొందరేముంది? ముందు మీకు మీ సీనియర్‌ని పరిచయం చెయ్యాలి," అంటూ ఆమె తలుపు వైపు చెయ్యి చూపించింది.

"ఈయన కటోంగో, నా దగ్గర డాక్టరేట్‌లో చేరి ఇది పదిహేడో ఏడు, మొదటి అధ్యాయం ఇప్పుడిప్పుడే ఒక దారికి వస్తోంది."