పొరుగుభూమి సంతకం

మొదటి కుర్చీ హమ్మాదీ భుజానికి తగిలింది. రెండోది నుదుటికి.

స్ఫాక్స్ పట్నానికి పోయే రోడ్డు పక్కనున్న తన స్థలంలో వీధికుక్కలకు ఆశ్రయం కట్టుకోవడానికి అనుమతి ఇమ్మని అతను అర్జీ పెట్టుకున్నాడు. టీకాలు వేయిస్తాడు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయిస్తాడు, చుట్టూ ఎత్తు గోడ కడతాడు. ఊరివాళ్ల అభ్యంతరాలు వినడానికి ఆ ఉదయం మునిసిపాలిటీ హాల్లో కమిటీ కూర్చుంది.

"మనుషులకే ఆసుపత్రికి దిక్కు లేదు, కుక్కలకు మేడలా?" కాఫీకొట్టు తిజానీ గోనెసంచి విదిలించాడు. చచ్చిన కుక్క కమిటీ బల్ల మీద పడింది. నెత్తురు కాగితాల మీదికి పాకింది.

"ఇదిగో నా అభ్యంతరం. రాసుకోండి!"

హమ్మాదీ వంగి దాని కళ్లు మూయబోయాడు. ఆ చేతి మీదే తిజానీ కర్ర దిగింది. వేళ్లు పటపట విరిగాయి. అక్కణ్ణుంచి ఎవరు కొట్టారో, ఎవరు తన్నారో తెలియదు. రెండు పళ్లు ఊడి గచ్చు మీద దొర్లాయి. వాకిట్లో ఉన్న కాపలావాడు మెల్లగా జారుకున్నాడు.

"మగాడివైతే తిరగబడరా!"

అతను తల కాచుకోవడానికైనా చెయ్యెత్తలేదు.

"ఆగండ్రా! మబ్రూకా పిన్ని వచ్చింది."

గుంపు చీలి దారిచ్చింది. హమ్మాదీ స్థలానికి ఆనుకునే ఆమె ఆలివ్ తోట. పొరుగుభూమివాళ్లు ఒప్పుకోనిదే అక్కడ ఇటుక మీద ఇటుక పెట్టడానికి లేదు. పైగా నిరుడు కాయలు దులిపే రోజుల్లో, కుక్కలమంద తోటలో జొరబడిన పూట, ఆమె ఏడేళ్ల కూతురు హనీన్ చనిపోయింది.

తిజానీ తన కర్ర ఆమె చేతిలో పెట్టాడు.

"కొట్టు పిన్నీ. ఆ కుక్కలే లేకపోతే నీ బిడ్డ ఇవాళ బళ్లో ఉండేది. నీకున్న హక్కు మాకెవరికీ లేదు."

హమ్మాదీ మోకాళ్ల మీదికి లేచాడు. నోట్లో నెత్తురు మింగి, తల వంచాడు.

"కొట్టమ్మా."

మబ్రూకా కర్ర ఎత్తింది. ఒక్క అరుపు అరిచి బలమంతా పెట్టి దించింది. బల్ల అంచుకు తగిలి కర్ర రెండు ముక్కలైంది.

తర్వాత ఆమె తడిసిన కాగితాల్లో తనది వెతుక్కుని, 'సమ్మతమే' అన్న చోట వేలిముద్ర వేసింది.

"నీకేమైనా పిచ్చెక్కిందా పిన్నీ?" అన్నాడు తిజానీ.

"కట్టుకోనీ. రోజూ నా కళ్లెదుటే, చచ్చేదాకా వాటికి చాకిరీ చెయ్యనీ."

నిరుడు మునిసిపాలిటీ ఇచ్చిన తుపాకీతో కుక్కల్ని కాల్చడానికి ఆ తోటలోకి వచ్చి, గురి తప్పి హనీన్‌ని కాల్చింది హమ్మాదీయే.