కుడిపక్కకి ఒరిగిన పాట

"దొంగచూపులు చూశారో, ఆట చెల్లదు!" అంటూ కొత్త పెళ్ళాం తన చున్నీని మొగుడి కళ్ళకు బిగించి కట్టింది.

అతను పాటలకు మిక్సింగ్ చేస్తాడు. ఎడమవైపు హోరెక్కువైందని ఈమధ్య పాటలన్నీ తిరిగొస్తున్నాయి. నెపం పాత హెడ్‌ఫోన్స్ మీద పెట్టి, రెండు కొత్త రకాలు తెచ్చాడు. ఏది మంచిదో చూడకుండా, విని చెప్పడమే ఆట.

ముందు చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్స్ పెట్టింది.

"ప్రతి మాటా స్పష్టంగా ఉంది. గాయని మాత్రం కుడిపక్కకి ఒరిగింది."

పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టింది.

"అబ్బ, హాల్లో కూర్చున్నంత విశాలం! కానీ ఇందులోనూ కుడిపక్కే. ఎవడు చేశాడే వీటిని?"

ఆమె రెండూ పెట్టుకుని చూసింది. గొంతు సరిగ్గా నడిమధ్యనే ఉంది. ఆటపట్టిద్దామని హెడ్‌ఫోన్స్ కుడిఎడమలు మార్చి అతనికి పెట్టింది.

"ఇప్పుడో, సారూ?"

"కుడిపక్కే."

"ఓడిపోయారు!" అనబోయి ఆగిపోయింది. లోపం హెడ్‌ఫోన్స్‌ది అయితే పాట ఎడమకి మారాలి. మారలేదు.

మెల్లగా వాటిని తీసేసింది. అతని ఎడమ చెవి దగ్గర వంగి, "ఏవండీ" అని గుసగుసలాడింది. మళ్ళీ పిలిచింది.

అతను కుడివైపు చెయ్యి చాపి, నవ్వుతూ తడుముకున్నాడు.

"తీసేసి ఎక్కడికెళ్ళావే? ఇంకోసారి పెట్టు. ఏది మంచిదో తేల్చుకోవాలిగా."