ఒర్తెన్సియా ఒప్పుకోలేదు

ఒర్తెన్సియా వంటింటి బల్ల మీద చిక్కుడు గింజలు పరిచి రాళ్ళు ఏరుతోంది. మంచి గింజలు ఒళ్ళోని గిన్నెలోకి. రాళ్ళు కిటికీ గట్టు మీదికి.

ఎదురుగా కూతురు మరిసేలా కూర్చుంది. ముప్పై ఏడేళ్ళు. టెక్సాస్ చివర, నది ఒడ్డునున్న ఈ ఊళ్ళ తరఫున వాషింగ్టన్ చట్టసభకు రెండుసార్లు గెలిచింది. కూలి పెంచాలంటుంది. జబ్బు చేస్తే ఎవరూ ఇల్లు అమ్ముకోకూడదంటుంది. కుర్రకారు ఆమె పేరు బనీన్ల మీద అచ్చు వేయించుకుని తిరుగుతున్నారు. శనివారం ఆమె దేశాధ్యక్ష పదవికి పోటీ ప్రకటించాలి. అమ్మ పక్కన లేకుండా వేదిక ఎక్కనని పట్టుబట్టింది.

"అమ్మా, నిన్నే. వస్తున్నావా, లేదా?"

"గింజలు నానబెట్టాలి."

"శనివారం దాకా నానబెడతావా?"

పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న తమ్ముడు రొహేలియో పకపకా నవ్వాడు.

"నీకెందుకక్కా ఈ కష్టం? నేను నిలబడతా. మొన్ననే ముప్పై ఐదు నిండాయి. చట్టం అడిగేవి మూడే. వయసుండాలి, పుట్టుకతో ఈ దేశం వాడై ఉండాలి, పద్నాలుగేళ్ళు ఇక్కడ బతికుండాలి. బుర్ర ఉండాలని ఎక్కడా రాయలేదు."

"అందుకేగా ఇంతమంది నెగ్గారు," అంది మరిసేలా.

తల్లి నవ్వలేదు.

"ఇంకా చిన్నదానివి. ఇప్పుడెందుకు?" అంది.

"ఇది నీ మాటేనా, మా పార్టీ పెద్దలు ఫోన్ చేసి అనిపించారా?"

"వాళ్ళూ ఇదే అంటున్నారా? తెలివైనవాళ్ళే."

మరిసేలా బల్ల మీద అరచేత్తో కొట్టింది. నాలుగు గింజలు కింద పడ్డాయి.

"దేనికమ్మా నీకంత భయం? నీకు పౌరసత్వం వచ్చి పదేళ్ళయింది. నిన్నింక ఎవరూ బస్సెక్కించి నది అవతలికి, మెక్సికోకి పంపలేరు."

"నాకేం భయం లేదు."

"ఉంది. ముప్పయ్యేళ్ళు నారింజ తోటల్లో తల వంచుకుని బతికావు. నా తల కూడా వంచాలని చూస్తున్నావు."

ఒర్తెన్సియా వేలు గింజల మీద ఆగింది. మళ్ళీ కదిలింది.

"అక్కా, అంత మాటెందుకు?" అన్నాడు రొహేలియో.

మరిసేలా తగ్గింది. కుర్చీ తల్లి పక్కకు జరుపుకుంది. గొంతు మెత్తబడింది.

"నువ్వెక్కడికీ రానక్కర్లేదమ్మా. సభ మన వాకిట్లోనే పెట్టిస్తా. నేను పుట్టిన గది కిటికీ నా వెనక కనిపించాలి. ఆసుపత్రికి డబ్బుల్లేక మంత్రసాని చేతుల్లో పుట్టిన పిల్ల, ఈ గడప దాటి బయల్దేరిందని దేశమంతా చూడాలి. పత్రికల వాళ్ళకి ఈ కథ ఎంత నచ్చిందో తెలుసా? ఆ మంత్రసాని తెక్లా పోయిందిగా, వాళ్ళు ఆవిడ కూతుర్ని వెతికి పట్టుకున్నారు. తల్లి పురుళ్ళ పుస్తకాలన్నీ దాచి ఉంచిందట. సోమవారం వెళ్ళి చూస్తారట."

"నువ్వు పోటీ చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే నా పుట్టుక ఎవరిక్కావాలి?"

ఒర్తెన్సియా గిన్నె తీసి కింద పెట్టింది. చేతులు నలిగిన ఏప్రన్‌కు తుడుచుకుంది. మొదటిసారి కూతురి కళ్ళలోకి చూసింది.

"నువ్వు నిలబడితే నేనూ కెమెరాల ముందుకొస్తా. మీ నాన్న చివరి రోజు గురించి చెప్తా."

పెనం మీద రొట్టె మాడుతోంది. రొహేలియో తిప్పలేదు.

"ఏం చెప్తావు?"

"నీ పేరు కలవరిస్తూ పోయాడని. కన్నతండ్రి ప్రాణం పోతుంటే నువ్వు వాషింగ్టన్‌లో ఓట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావని."

"అమ్మా! ఆ రోజు కూలి పెంపు బిల్లు ఒక్క ఓటు మీద ఆగి ఉంది. రావద్దని ఫోన్లో చెప్పింది నువ్వు! ఓటేసి రమ్మని నాన్నే అన్నాడన్నావు!"

"నాకు గుర్తులేదు."

"ఫోన్ కలిపి నీ చేతికిచ్చింది నేనే కదమ్మా," అన్నాడు రొహేలియో.

"నువ్వు నోర్ముయ్," అంది తల్లి. తర్వాత కూతురి వైపు తిరిగింది. "కన్నతల్లి ఏడుస్తూ చెప్తే జనం నా మాట నమ్ముతారా, నీ మాటా?"

మరిసేలా ఆ ముఖంలోకి చూసింది. అక్కడ తనకు తెలిసిన మనిషి కనిపించలేదు. ఫోన్ తీసింది.

"శనివారం సభ రద్దు చెయ్యండి," అంది అవతలి వాళ్ళతో. "వాయిదా కాదు. నేను పోటీ చెయ్యడం లేదు. పత్రికల వాళ్ళని కూడా మా ఊరు రావద్దని చెప్పండి."

లేచింది. తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టకుండా ఆ గడప దాటడం ఆమెకు అదే మొదటిసారి. తమ్ముడు పిలుస్తున్నా ఆగలేదు. కారెక్కి వెళ్ళిపోయింది.

తొలి కాన్పుకు నది అవతల మెక్సికోలోని పుట్టింటికి వెళ్ళి, తొమ్మిదో రోజున పసిగుడ్డును ఒడిలో దాచుకుని ఇవతలికొచ్చి, ఈ ఇంట్లోనే పుట్టిందని తెక్లా చేత దొంగ జనన పత్రం రాయించిన సంగతిని, కారు రేపిన దుమ్ము అణిగేదాకా వాకిట్లో నిలబడ్డ ఒర్తెన్సియా మరోసారి గొంతులోనే దిగమింగుకుంది.