మడుగు నీళ్లు

అడవి మధ్యలో ఉన్న మడుగులో విషం కలిసిందని తోడేలు గోరింకలకు చెప్పింది. అవి పొద్దెక్కేలోగా అడవంతా చాటేశాయి. దాహంతో అల్లాడుతున్న జింకలు దూరపు లోయలోని వాగుకు బయల్దేరాయి. ఆ వాగు పక్క పొదల్లో తోడేలు కాచుకుని కూర్చుంది.

మడుగులోనే పుట్టి పెరిగిన నీటికోడికి ప్రాణం ఉసూరుమంది. "విషం లేదు! విషం లేదు!" అని అరుస్తూ వెంటపడింది. జింకల చెవిన 'విషం' అన్న మాటొక్కటే పడింది. అవి ఇంకా జోరుగా పరుగెత్తాయి.

అరిస్తే లాభం లేదని నీటికోడికి తెలిసింది. మందంతా మాట వినే ముసలి జింక ఎదుటికి ఎగిరెళ్లి వాలింది.

"అవ్వా, నన్ను నమ్మొద్దు. వచ్చి నీ కళ్లతో చూడు."

"నీ మాట మీద మందను వెనక్కి తిప్పమంటావా?"

"మందను ఇక్కడే ఆపు. నువ్వొక్కదానివే రా."

అవ్వ వచ్చింది. ఏం జరుగుతుందోనని గోరింకలూ వచ్చి కొమ్మల మీద వాలాయి. మడుగులో చేపలు ఈదుతున్నాయి, నీటికోడి పిల్లలు మునిగి తేలుతున్నాయి. అవ్వ చాలాసేపు చూసింది. తర్వాత మూతి పెట్టి కడుపునిండా తాగింది.

"చూసింది చూసినట్టు చెప్పండి," అంది నీటికోడి గోరింకలతో.

"అవ్వ మడుగు నీళ్లు తాగింది!" అంటూ అవి ఎగిరాయి. సాయంత్రానికి ఒడ్డు పొడవునా జింకలే.

కొన్నాళ్లకు, కొండ మీది గడ్డి తింటే కాళ్లు పడిపోతాయంటూ తోడేలు మళ్లీ వచ్చింది.

"ఎవరికి పడిపోయాయి? పద, చూపించు," అన్నాయి గోరింకలు.

తోడేలు తోక ముడిచి పొదల్లోకి జారుకుంది. నీటికోడి ఆనందం పట్టలేక, రెక్కలు టపటపలాడిస్తూ మడుగంతా చుట్టి వచ్చింది.